లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో శరత్కాలపు వాలై వేట
అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర ఉత్తర సరిహద్దులోని లేక్ ఆఫ్ ది వుడ్స్ సరస్సుకు వాలై చేపల కోసం కుటుంబంతో వెళ్లదలచినవారు సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు గల రోజులను ఎంచుకోవడం మంచిది. అప్పుడు ఎమరాల్డ్ షైనర్ అనే చిన్న చేపల గుంపులు సరస్సులో కలిసే రెయినీ నది వైపు కదలగా, వాటిని తినడానికి వాలైలు కూడా వెంట వస్తాయి.

పడవకు లంగరు వేసి, షైనర్‌ను గుచ్చిన జిగ్‌ను (తలకు బరువున్న గాలాన్ని) అడుగు తాకేదాకా వదిలి, జానెడు పైకెత్తి నెమ్మదిగా ఆడించాలి. చల్లని నీటిలో వాలై తరచుగా గట్టిగా లాగదు, దారం కాస్త బరువెక్కుతుంది అంతే. ఆ స్పర్శను పిల్లల చేత, వేలు దారానికి ఆనించి ఉంచి, ఓపికగా గుర్తింపజేయాలి.

19.5 నుంచి 28 అంగుళాల మధ్య పొడవున్న వాలైలను వెంటనే నీటిలోకి వదలాలి. పదేళ్లలోపు పిల్లలకు కదిలే పడవలో లైఫ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి; ఆ చలికి ఈతగాళ్ల చేతులు సైతం త్వరగా మొద్దుబారుతాయి కనుక పెద్దలు కూడా దానిని ధరించి తీరాలి.