దూర ప్రయాణానికి బండికి బ్యాగులు కొనేముందు జాగ్రత్తలు

ముందు బండి మాన్యువల్ తియ్యండి. బండి మోయగల బరువులోంచి మీ బరువు, వెనక కూర్చునేవారి బరువు తీసేస్తే మిగిలేదే సామాను లెక్క. బ్యాగులు, వాటి ఇనప స్టాండ్ల బరువూ అందులోకే వస్తుంది.

సైలెన్సర్ వైపు స్టాండ్ లేకుండా గుడ్డ బ్యాగు వేలాడదీయొద్దు, కాలిపోతుంది. సామాను నింపి, ఇద్దరు కూర్చుని, సీటును గట్టిగా నొక్కి చూడండి. అప్పుడు కూడా బ్యాగుకీ సైలెన్సర్‌కీ, టైరుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి.

బరువైనవి, అంటే పనిముట్లు, నీళ్లు, పక్క బ్యాగుల్లో అడుగున, రెండువైపులా సమానంగా సర్దాలి. వెనక పెట్టెలో బట్టల్లాంటి తేలికవే. అక్కడ బరువు పెరిగితే ముందుచక్రం తేలికై, వేగంలో హ్యాండిల్ ఊగుతుంది. ఇది నిజంగా ప్రమాదం, తేలిగ్గా తీసుకోకండి.

రెయిన్ కవర్‌ని నమ్ముకోవద్దు. గాలికి ఉబ్బి ఎగిరిపోతుంది, లేదా అడుగున నీళ్లు నిలుస్తాయి. కోనసీమ వానకి లోపల విడిగా వాటర్‌ప్రూఫ్ సంచి కావాల్సిందే. మూతి కనీసం మూడు మడతలు చుట్టాలి.

సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కేవాళ్లు, కాలవగట్ల మీద తిరిగేవాళ్లు పెట్టెల వెడల్పు హ్యాండిల్‌ని మించకుండా చూసుకోండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి పెయింటు లేచిన స్టాండ్ తుప్పు పడుతుంది.

ఎలాస్టిక్ తాళ్లు సాగుతాయి. బకిల్ పట్టీలే మేలు. వాటి కొసలు చైన్‌లో పడకుండా దోపాలి. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్తుంటే గోకవరంలో ఆగి పట్టీలు మళ్లీ బిగించండి.

టైర్ల గాలి, చల్లగా ఉన్నప్పుడే, మాన్యువల్‌లో ఇద్దరి బరువుకు చెప్పినంత పెట్టించండి.