జ్వరాల కాలం రాకముందే షుగర్ ఉన్నవాళ్లు సిద్ధం చేసుకోవాల్సినవి

షుగర్ ఉన్నవాళ్లకు మామూలు రోజుల్లో ఏం తినాలో, ఏం తగ్గించాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఒంట్లో బాగోలేని రోజు ఏం చేయాలో మాత్రం ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. జ్వరం వచ్చి, నోరు చేదై, ముద్ద దిగని పూట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "ఏమీ తినలేదుగా, ఈ పూటకి మందు మానేద్దాం." వినడానికి సబబుగానే ఉంటుంది. కొందరి విషయంలో ఐసీయూ దాకా తీసుకెళ్లేది ఈ మాటే. అందుకని చుట్టుపక్కల దగ్గులు, జ్వరాలు మొదలుకాకముందే, ఆరోగ్యం బాగున్నప్పుడే ఈ సంగతులు తేల్చుకోవాలి. 102 జ్వరంలో కూర్చుని లెక్కలు వేయడం ఎవరివల్లా కాదు.

ముందు అర్థం చేసుకోవాల్సింది ఇది: తినకపోయినా షుగర్ పెరుగుతుంది. ఇన్ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. వాటివల్ల కాలేయం రక్తంలోకి గ్లూకోజ్‌ను వదులుతూనే ఉంటుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. కడుపు ఖాళీగా ఉన్నా మీటరు 280 చూపించడానికి కారణం అదే. షుగర్ అంత పెరిగితే మూత్రం ఎక్కువగా పోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, దాంతో షుగర్ ఇంకా పెరుగుతుంది. ఇన్సులిన్ బొత్తిగా చాలకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, అప్పుడు పుట్టే కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మార్చేస్తాయి. టైప్ 1 వాళ్లకు, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని వాళ్లకు, ఇదంతా కొన్ని గంటల్లోనే జరిగిపోవచ్చు.

అలాగని అన్ని మందులూ యథాతథంగా వేసుకోవాలనీ కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను టైప్ 1 వాళ్లు ఒక్క పూట కూడా ఆపకూడదు. ఎక్కువమందికి ఉండే టైప్ 2 రకం వాళ్లు కూడా సొంతంగా మానేయకూడదు, డోసు మార్చాలంటే డాక్టరే చెప్పాలి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రల సంగతి వేరు. తిన్నా తినకపోయినా అవి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి కాబట్టి తిండి లేకుండా వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. వాంతులు, విరేచనాలతో నీరసించినప్పుడు కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది, ఆ సమయంలో మెట్‌ఫార్మిన్‌ను తాత్కాలికంగా ఆపమంటారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులను కూడా తిండి, నీళ్లు సరిగా తీసుకోలేని జబ్బులో ఆపమంటారు. ఇవి వాడేవాళ్లలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు పేరుకుపోయే ప్రమాదం ఉంది. మీటరు 180 చూపిస్తోందని నిశ్చింతగా ఉండిపోతారు, లోపల పరిస్థితి విషమిస్తూ ఉంటుంది.

కాబట్టి ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. మీరు వాడే మందులన్నీ ఒకదాని కింద ఒకటి రాసి, ప్రతిదాని ఎదురుగా "తినలేకపోతే ఏం చేయాలి?" అని డాక్టరును అడిగి, ఆయన చెప్పింది అక్కడే రాయించుకోండి. షుగర్ ఎంత దాటితే ఫోన్ చేయాలో, రాత్రిపూట ఎవరికి చేయాలో కూడా అందులోనే ఉండాలి. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. జ్వరంతో పడుకున్నవాళ్లు బీరువాలో ఫైలు వెతకలేరు, ఇంట్లో మిగతావాళ్లకు ఆ ఫైలు ఎక్కడుందో తెలియదు.

ఇక తిండి. తినగలిగితే మామూలు భోజనమే కొద్దికొద్దిగా తినండి. తినలేకపోతే మూడు నాలుగు గంటలకోసారి సుమారు 45 నుంచి 50 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లేలా చూసుకోవాలి. ఒక బ్రెడ్ ముక్కలో, సగం అరటిపండులో, మూడో వంతు కప్పు అన్నంలో దాదాపు 15 గ్రాములు ఉంటాయి, కప్పు పాలలో 12 గ్రాములు. మెత్తగా ఉడికిన జావ సులువుగా దిగుతుంది, అంతే వేగంగా షుగర్‌నూ పెంచుతుంది. అందుకే గిన్నెడు ఒకేసారి తాగేయకుండా చిన్న కప్పులో పోసుకుని నెమ్మదిగా తాగండి. ఘనాహారం ఏదీ నిలవకపోతే పళ్లరసం కూడా పనికొస్తుంది. మామూలు రోజుల్లో వద్దన్న తీపి ఆ రోజు అవసరం కావచ్చు. ఇంట్లోవాళ్లు ఈ ఒక్క విషయంలో పట్టు సడలించాలి.

ఓఆర్ఎస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "అందులో చక్కెర ఉంటుంది" అని విరేచనాల్లో కూడా దాన్ని దూరం పెట్టేవాళ్లు ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు మాత్రమే. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో మూడు గ్రాములు కూడా ఉండదు. ఉప్పును పేగులు పీల్చుకోవాలంటే ఆ కాస్త గ్లూకోజ్ ఉండి తీరాలి. భయపడాల్సింది అలాగే కనిపించేలా రెడీమేడ్ డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులకు. కొనేముందు వెనక లేబుల్ తిప్పి, లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ అన్న అంకె ఉందో లేదో చూడండి. నాలుగైదు పొడి ప్యాకెట్లు ముందే కొని పెట్టుకోండి. నీళ్లైనా, ఓఆర్ఎస్ అయినా అరగంటకోసారి అరగ్లాసు, అదీ గుక్కగుక్కగా. గుండె, కిడ్నీ సమస్యలవల్ల నీళ్లు కొలిచి తాగేవాళ్లు మాత్రం తమ పరిమితి ముందే అడిగి ఉంచుకోవాలి.

ఆ రోజుల్లో కనీసం నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకోవాలి, రాత్రి కూడా. స్ట్రిప్పుల గడువు తేదీ, మీటరు బ్యాటరీ ఇప్పుడే చూడండి. చెయ్యి కడుక్కుని, పూర్తిగా తుడుచుకున్నాకే వేలు పొడవాలి. నారింజ ఒలిచిన వేలితో పరీక్ష చేస్తే వేలికంటిన రసం వల్ల లేని షుగర్ కనిపిస్తుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రమాదం. టైప్ 1 వాళ్ల ఇంట్లో కీటోన్ స్ట్రిప్పులు తప్పకుండా ఉండాలి. షుగర్ 240 దాటితే వాటితో కీటోన్లు కూడా చూడాలి.

షుగర్ పడిపోవడం సంగతి కూడా మరవకండి. 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగినా సరిపోతుంది. కానీ అకార్బోస్, వోగ్లిబోస్ వాడేవాళ్లకు చక్కెర అంత త్వరగా పనిచేయదు, చక్కెరను విడగొట్టే ఎంజైమునే ఆ మందులు అడ్డుకుంటాయి. వాళ్ల దగ్గర గ్లూకోజ్ పొడే ఉండాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

దగ్గు మందు, జలుబు మాత్ర కొనేటప్పుడు షుగర్ ఉందని మందుల షాపులో చెప్పండి. సిరప్‌లో ఉండే చక్కెర మరీ ఎక్కువేం కాదు గానీ, స్టెరాయిడ్ మాత్రలు మాత్రం షుగర్‌ను బాగా పెంచుతాయి, ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి. డాక్టరు స్టెరాయిడ్ రాస్తే ఆ రోజే షుగర్ మందుల డోసు గురించి అడిగేయండి.

నాలుగు గంటలకు పైగా వాంతులు ఆగకపోయినా, ఆరు గంటలు దాటి విరేచనాలు అవుతున్నా, మందు వేసుకున్నా షుగర్ 240 దిగకపోయినా డాక్టరుకు చెప్పాలి. ఆయాసం, శ్వాసలో పండ్ల వాసన, మాట తడబడటం, లేపినా లేవని మగత కనిపిస్తే ఫోన్ల కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పెద్దవయసు వాళ్లలో ఆ మగతను "జ్వరం నీరసంలే" అని వదిలేస్తుంటారు. దయచేసి వదిలేయకండి, ఆ నిమిషమే షుగర్ చూడండి.

తగ్గాక ఒక పని ఉంటుంది. తాత్కాలికంగా ఆపిన మందులను, మామూలుగా తినడం, తాగడం మొదలై ఒకటి రెండు రోజులు గడిచాక డాక్టరును అడిగి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపడం గుర్తుంటుంది గానీ మొదలుపెట్టడం మర్చిపోతారు, కాబట్టి ఆపిన తేదీని కూడా ఫ్రిజ్ మీది ఆ కాగితంలోనే రాసి పెట్టండి.