సేఫ్టీ రేజర్ పాఠాలు – 4: పాతది గట్టిదా, కొత్తది గట్టిదా?

ఇంతవరకు రేజర్ భాగాల పేర్లు, బ్లేడు ఎక్కించే పద్ధతి, ముఖం మీద పట్టాల్సిన కోణం నేర్చుకున్నాం. ఈసారి రేజర్‌ను చేతిలోకి తీసుకుని, అది దేనితో, ఎలా తయారైందో కనిపెట్టడం నేర్చుకుందాం. ఇది వస్తే దుకాణంలో కొత్తది చూసినా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతది కంటబడినా ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోగలరు.

ముందుగా ఒక నమ్మకాన్ని పక్కన పెట్టండి. "పాతకాలం వస్తువంటే గట్టిది" అని చాలామంది అనుకుంటారు. జిలెట్ టెక్ రేజర్ 1938లో వచ్చినప్పుడు ఇత్తడితో చేసేవారు. అదే టెక్ పేరుతో 1970ల్లో అల్యూమినియం పిడివి కూడా వచ్చాయి. రెండూ ఇవాళ పాత సామానే, కానీ రెండింటి తయారీ ఒకటి కాదు. కొత్తవాటిలోనూ ఇంతే తేడా ఉంది. అందుకే వయసు అడగడం మానేసి లోహం చూడండి, పూత చూడండి, అన్నిటికన్నా ముఖ్యంగా బ్లేడును ఎలా పట్టుకుంటుందో చూడండి.

లోహాన్ని గుర్తుపట్టడం

పాత జిలెట్ రేజర్లలో ఎక్కువ భాగం ఇత్తడివి. ఇత్తడి రేకును ప్రెస్‌లో అచ్చు కొట్టి తలభాగం చేసేవారు. దానిమీద నికెల్ పూత, ఖరీదైనవాటికి బంగారు పూత వేసేవారు. ఇత్తడికి తుప్పు పట్టదు. పూత అరిగిపోతే పసుపు రంగు బయటపడుతుంది, చూడ్డానికి బాగోదు గానీ పనికి లోటు ఉండదు. 1947లో వచ్చిన సూపర్ స్పీడ్ రేజర్లతో ఈనాటికీ రోజూ గడ్డం గీసుకునేవాళ్లున్నారంటే కారణం ఇదే. జిలెట్ కంపెనీకి నిలకడైన ఆదాయం బ్లేడ్ల అమ్మకం మీద ఉండేది. ఆ బ్లేడ్లు ఏళ్ల తరబడి అమ్ముడుపోవాలంటే ఇంట్లో రేజర్ కూడా అన్నేళ్లూ పనిచేయాలి కదా.

ఇప్పటి మధ్యరకం రేజర్ల తలలు ఎక్కువగా జమాక్‌తో పోతపోసినవి. జమాక్ అంటే సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిసిన జింకు. ఇది 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది. కాబట్టి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పోసి, మెలికలున్న ఆకారాన్ని కూడా చవకగా తీయొచ్చు. జర్మనీ మెర్కూర్ 34సి, ఇంగ్లండు ఎడ్విన్ జాగర్ డీఈ89, జర్మనీదే ములే ఆర్89, వీటి తలలన్నీ ఈ పద్ధతిలో చేసి క్రోమ్ పూత వేసినవే. జమాక్ పేరు వినగానే ముఖం చిట్లించాల్సిన పనిలేదు. ఇప్పుడు చెప్పిన మూడూ చక్కగా గీస్తాయి. క్రోమ్ కూడా నికెల్ కంటే గట్టి పూత.

దీని బలహీనత ఒకచోట ఉంది, దాన్ని తప్పకుండా తెలుసుకోవాలి. పూత చిట్లి నీళ్లు లోపలికి దిగితే జింకు లోపల్నుంచి తినేయబడుతుంది. పూత ముందుగా పోయేది థ్రెడ్ (పిడి బిగుసుకునే బోల్టు మర) దగ్గర. పిడి బిగించి విప్పిన ప్రతిసారీ అక్కడ రాపిడి ఉంటుంది, సబ్బునీళ్లు నిలిచేదీ అక్కడే. పై మూత మధ్యలో ఉండే సన్నని బోల్టు మీద బూడిదరంగు మచ్చలు గానీ తెల్లటి పొడి గానీ కనిపిస్తే ఆ రేజర్ ఆయుష్షు తగ్గుతోందని అర్థం. ఎప్పుడో ఒకరోజు బిగిస్తుండగా బోల్టు విరిగి పిడిలోనే ఉండిపోతుంది. దాన్ని అతికించే మార్గం దాదాపు లేదు. అదే చోట పసుపు రంగు కనిపిస్తే కింద ఉన్నది ఇత్తడి, నిశ్చింతగా వాడుకోండి.

మూడో రకం స్టెయిన్‌లెస్ స్టీల్. జపాన్‌కు చెందిన ఫెదర్ ఏఎస్-డీ2 ఈ కోవలోది. చిన్న చిన్న వర్క్‌షాపులు 316ఎల్ రకం స్టీలు దిమ్మెను కంప్యూటర్ యంత్రంతో చెక్కి చేసేవీ ఉన్నాయి. రాక్‌వెల్ 6ఎస్ తయారీ వేరు. స్టీలు పొడిని జిగురు పదార్థంతో కలిపి అచ్చులో నింపి, తర్వాత కొలిమిలో కాలుస్తారు. ఆవంలో పెట్టిన పచ్చికుండలా అది కాలేకొద్దీ కుదించుకుపోతుంది. ఎంత కుదించుకుంటుందో ముందే లెక్కగట్టి అచ్చు పెద్దది చేస్తారు. స్టీలు రేజర్లకు పూత అక్కర్లేదు కాబట్టి ఊడేదీ లేదు. ధర మాత్రం జమాక్ రేజర్‌కు కొన్ని రెట్లు.

అయస్కాంతం ఒకటి దగ్గర పెట్టుకోండి. గట్టిగా అతుక్కుంటే పూత కింద మామూలు ఇనుమో ఉక్కో ఉందన్నమాట, అలాంటివి తుప్పు పడతాయి. ఇత్తడి, జమాక్, 316 స్టీలు అతుక్కోవు. నికెల్ పూత కొద్దిగా లాగొచ్చు, దానికి కంగారు పడకండి. బరువును మాత్రం నమ్మొద్దు. లావాటి పిడి తగిలించి నాసిరకం తలను ఘనంగా చూపించడం చాలా తేలిక.

బ్లేడు పట్టు: ఈ పాఠంలో అసలు పని

బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. అంత పల్చటి రేకు వెంట్రుక తగలగానే వణకాలి. వణకకుండా ఆపేది పై మూత వంపు. మూత బ్లేడును కింది ప్లేటు మీదకు వంచి నొక్కిపట్టడం వల్లే దానికి బిగువు వస్తుంది. ఆ నొక్కు అంచుకు ఎంత దగ్గరగా ఉంటే బ్లేడు అంత నిలకడగా ఉంటుంది. నొక్కు దూరమైతే గీస్తున్నప్పుడు టకటకమని అదిరి చర్మం మీద మంట పుడుతుంది. ఆ మంటకు మనం బ్లేడునో సబ్బునో తిడతాం, తప్పు చాలాసార్లు తలభాగంలో ఉంటుంది.

ఇప్పుడు అభ్యాసం. కొత్త బ్లేడు ఎక్కించండి. పదునులేని పొట్టి అంచుల దగ్గరే వేళ్లు పెట్టి పట్టుకోండి. పిడి బిగించాక కిటికీ దగ్గరికి వెళ్లి, తలను కంటికి ఎదురుగా పెట్టి చూడండి. మూత కింద నుంచి బయటకు వచ్చిన బ్లేడు అంచు, గార్డు (బ్లేడు కింద చర్మానికి ఆనే ప్లేటు అంచు) రెండూ సమాంతరంగా ఉండాలి. ఒక కొస దగ్గర వెడల్పుగా, మరో కొస దగ్గర సన్నగా కనిపిస్తే బ్లేడు ఏటవాలుగా కూర్చుంది. ఇప్పుడు రెండో వైపు తిప్పండి. రెండువైపులా ఒకే మేర బయటకు రావాలి. ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉంటే ఒక పక్క ఏమీ తెగదు, రెండో పక్క రక్తం వస్తుంది.

తేడా కనిపించగానే రేజర్‌ను పారేయకండి. పిడిని అరచుట్టు వదులు చేసి, పొట్టి అంచుల మీద మూతను, బ్లేడును కలిపి వేళ్లతో సర్ది మళ్లీ బిగించండి. వేరే కంపెనీ బ్లేడుతో కూడా చూడండి, ఎందుకంటే బ్లేడు మధ్య చీలికల కొలతలు అందరివీ అచ్చంగా ఒకటి కావు. ఎన్నిసార్లు సర్దినా, ఏ బ్లేడు వేసినా అదే వైపు వంకర వస్తుంటే తప్పు రేజర్‌దే. కొత్తదైతే వెనక్కి ఇచ్చేయండి, మొహమాటం వద్దు. ధర ఎక్కువన్నంత మాత్రాన ఈ పరీక్ష మానొద్దు.

తలుపులు తెరుచుకునే రకాలు

పిడి అడుగు తిప్పితే తల రెండు రెక్కలుగా తెరుచుకునే రేజర్లలో కదిలే భాగాలు ఎక్కువ, చెడేందుకు చోట్లూ ఎక్కువ. రెక్కలు రెండూ ఒకేసారి, ఒకే ఎత్తుకు లేస్తున్నాయా చూడండి. మూసినప్పుడు సందు లేకుండా కలవాలి. బోరునీళ్లు వాడే ఇళ్లలో ఉప్పు, సబ్బు కలిసి లోపలి కడ్డీకి పట్టేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి నానబెడితే చాలావరకు వదులవుతుంది.

ఈ కోవలో పాతవాటినే నేను మెచ్చుకుంటాను. 1958 నుంచి 1961 వరకు వచ్చిన జిలెట్ ఫ్యాట్‌బాయ్‌లో 1 నుంచి 9 వరకు అంకెలుంటాయి. అంకె తిప్పితే కింది ప్లేటు కదిలి బ్లేడుకు, గార్డుకు మధ్య సందు మారుతుంది. తిప్పేముందు రెక్కల్ని కాస్త వదులు చేయండి, లేకపోతే లోపలి భాగాల మీద అనవసరమైన ఒత్తిడి పడుతుంది. ఇప్పటి మెర్కూర్ ప్రోగ్రెస్ కూడా సందు మార్చుకునేదే, బాగానే గీస్తుంది కూడా. కానీ దాని అడుగున తిప్పే బిళ్ల ప్లాస్టిక్‌ది. పూర్తి ఇత్తడి యంత్రాంగం చూసిన చేతికి అది ఆనదు.

అమెరికాలో చేసిన జిలెట్‌కు కింది ప్లేటు అడుగున అక్షరం, అంకె ఉంటే వయసు కూడా చదవొచ్చు. 1955కు ఎ, 1956కు బి, అలా వరుసగా. పక్కనున్న అంకె ఏడాదిలో ఎన్నో త్రైమాసికమో చెబుతుంది. ఇ3 అంటే 1959 జులై-సెప్టెంబరు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో వెతికేటప్పుడు ఇది పనికొస్తుంది.

పాతది కొనేటప్పుడు పిడి గొట్టం మీద నిలువు చీలిక ఉందేమో గోటితో తడిమి చూడండి. దువ్వెన పళ్లలాంటి గార్డు ఉన్నవాటిలో పళ్లు వంగి ఉంటే వదిలేయండి. ఇంటికి తెచ్చాక మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి, సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. ఇత్తడి అనగానే చింతపండుతో తోమాలనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయొద్దు. పులుపు పాత పూతను పాడుచేస్తుంది. పాలిష్ పొడులైతే పల్చటి బంగారు పూతను తుడిచేస్తాయి.

వచ్చే పాఠానికి ముందు మీ రేజర్‌ను ఇలా పరీక్షించి, ఒక కాగితం మీద లోహం, థ్రెడ్ రంగు, రెండువైపులా బ్లేడు ఎంత బయటకు వచ్చిందో రాసుకోండి. బ్లేడు సర్దాక తేడా తగ్గిందో లేదో కూడా రాయండి. 5వ పాఠంలో రకరకాల బ్లేడ్లను ఇదే రేజర్‌లో వేసి చూస్తాం, అప్పుడు ఆ కాగితం కావాలి.