‘దొరికిపోతానేమో’ అనే బొమ్మ: ఇంటరాక్టివ్ స్టాప్ మోషన్‌లో తిప్పలు, వాటి మందులు

ఆర్ట్ స్టూడెంట్స్‌లో ఇంపోస్టర్ సిండ్రోమ్ (పని బాగా చేస్తున్నా ‘నాకేం రాదు, ఎప్పుడో దొరికిపోతాను’ అనే భయం) మీద ఇంటరాక్టివ్ స్టాప్ మోషన్ (బొమ్మని కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫోటో తీసి ఆడించే సినిమా, కథ ఎటు పోవాలో చూసేవాళ్లే బటన్ నొక్కి ఎంచుకుంటారు) చేసేటప్పుడు ఫోటోలు తీసే దగ్గర వచ్చే తిప్పలు ఒక రకం, చూసేవాళ్ల చేతికి మౌస్ ఇచ్చాక బయటపడేవి ఇంకో రకం. రెండో రకానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

సమస్య: చూసినవాళ్లు “పాపం, ఏదో బాధలో ఉన్నట్టుంది” అని ఊరుకుంటారు

ఖాళీ కాన్వాస్ ముందు తల వంచుకుని కూర్చున్న బొమ్మని చూపించారు కదా, అదే కారణం. ఆ బొమ్మకి నిద్ర చాలకపోయి ఉండొచ్చు, ఎవరితోనో గొడవ పడి ఉండొచ్చు, చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు దీని గురించి రాసినప్పుడు వాళ్లు గమనించింది బాగా రాణిస్తున్న స్త్రీలని, ఓడిపోతున్నవాళ్లని కాదు. (వాళ్లు సిండ్రోమ్ అనలేదు కూడా, ‘ఇంపోస్టర్ ఫినామినన్’ అన్నారు, కాబట్టి దయచేసి బొమ్మని డాక్టర్ దగ్గర కూర్చోబెట్టకండి.) అంటే పని బాగా రావాలి, మెచ్చుకోలు రావాలి, అది మాత్రం ఒంటికి అంటుకోకూడదు.

అందుకే మెచ్చుకోలుని మొదటి 20 సెకన్లలోనే పెట్టండి. టీచర్ చెయ్యి వచ్చి బొమ్మ గీసిన చిత్రం మీద ఒక స్టార్ స్టిక్కర్ అంటిస్తుంది, చెయ్యి వెళ్లగానే బొమ్మ అటూ ఇటూ చూసి ఆ స్టిక్కర్ పీకి పక్కవాళ్ల చిత్రం మీద అంటించేస్తుంది. డైలాగ్ ఒక్కటి కూడా అక్కర్లేదు.

సమస్య: అందరూ ఒకే బటన్ నొక్కుతున్నారు

మీరు ‘ధైర్యంగా ఉండు’, ‘భయపడు’ అని రెండు బటన్లు పెట్టి ఉంటారు. అది ఎంపిక కాదు, పరీక్ష పేపర్, సరైన జవాబు ఏదో చిన్నపిల్లలకీ తెలుసు. పైగా ఒక్క క్లిక్కుతో బొమ్మ బాగుపడిపోతే విషయమే పోయింది.

ఈ మనస్తత్వంలో నిజంగా జరిగేది ఒక చక్రం. పని వస్తుంది, టెన్షన్ మొదలవుతుంది, దాంతో కొందరు అవసరానికి మించి కష్టపడతారు, కొందరు చివరి నిమిషం దాకా వాయిదా వేస్తారు. మీ రెండు బటన్లూ అవే: ‘రాత్రంతా కూర్చుని మళ్లీ గీయి’, ‘రేపటి దాకా ముట్టుకోకు’. రెండు దారుల్లోనూ మెచ్చుకోలు రావాలి, రెండు దారుల్లోనూ బొమ్మ దాన్ని కొట్టిపారేయాలి. మొదటి దారిలో “అంత గొడ్డు చాకిరీ చేస్తే ఎవరికైనా వస్తుంది” అంటుంది, రెండో దారిలో “అదృష్టం కలిసొచ్చింది, ఈసారికి బతికిపోయాను” అంటుంది. రెండుసార్లు తిరిగాక మూడో బటన్ ఒకటి మెల్లగా కనబడనివ్వండి: ‘సగంలో ఉన్నది పక్కవాళ్లకి చూపించు’. దాంతో కూడా భయం పోదు, పక్కవాళ్ల బల్ల మీద చింపేసిన కాగితాలు మాత్రం మొదటిసారి కనబడతాయి.

సమస్య: తీయాల్సిన ఫోటోలు లెక్కేస్తే కళ్లు తిరుగుతున్నాయి

ప్రతి ఎంపికనీ కొత్త కొమ్మగా చీలుస్తున్నారు. రెండేసి దారులతో ఐదు మలుపులు పెడితే 32 ముగింపులు, మొత్తం 62 ముక్కలు. ఒక్కోటి 10 సెకన్లు, సెకనుకి 12 ఫోటోలు అనుకున్నా 7,440 ఫోటోలు. చేయలేరు, చేయొద్దు.

కొమ్మలన్నిటినీ మళ్లీ అదే బల్ల దగ్గరికి తీసుకురండి, విషయమే చక్రం కాబట్టి ఇది మోసం కాదు. ఎన్నిసార్లు తిరిగారో ప్రోగ్రామ్‌లో ఒక అంకె లెక్కపెట్టుకుంటే చాలు, ఆ అంకెని బట్టి బల్ల మీద ఉండచుట్టిన కాగితాలు పెరుగుతాయి. కెమెరా కదలకుండా బిగించి కాగితాల్ని విడిగా తీసి పైన అతికిస్తే బొమ్మ ఫోటోలు మళ్లీ తీయక్కర్లేదు.

సమస్య: బటన్లు రాగానే బొమ్మ బిగుసుకుపోతుంది, నొక్కగానే ఎగిరిపడుతుంది

ఒకే ఫోటో మీద ఆపితే చూసేవాళ్లు ఫైల్ హ్యాంగ్ అయిందనుకుంటారు. ఊపిరి పీల్చే లూప్ (ఆగకుండా మళ్లీ మళ్లీ తిరిగే ముక్క) ఒకటి తీయండి: 8 ఫోటోలు ముందుకి, మొదటిదీ చివరిదీ వదిలేసి మిగతా 6 వెనక్కి, మొత్తం 14. సెకనుకి 6 చొప్పున ఆడిస్తే రెండు సెకన్లకి పైగా పడుతుంది, నిదానమైన ఊపిరి. అవే 14 ఫోటోల్ని సెకనుకి 12 చొప్పున ఆడిస్తే బొమ్మ ఆయాసపడుతున్నట్టు ఉంటుంది. చక్రం తిరిగే కొద్దీ వేగం పెంచండి, ఇంతకంటే చవకైన నటన నాకు తెలీదు.

ఎగిరిపడటానికి కారణం భంగిమ కలవకపోవడం. లూప్‌లోని మొదటి ఫోటోనే ఇంటి భంగిమ అనుకుని ప్రతి ముక్కనీ అక్కడే మొదలుపెట్టి అక్కడే ముగించండి, ఓనియన్ స్కిన్ (పాత ఫోటోని కెమెరా దృశ్యం మీద పల్చగా చూపించే సదుపాయం) పెట్టి సరిచూసుకోండి, పాదాల్ని కింది నుంచి స్క్రూలతో బిగించండి. క్లిక్ వచ్చాక లూప్ మొదటి ఫోటోకి చేరే దాకా ఆగి కట్ చేయాలి, ఆ ఆలస్యం తెలియకుండా బటన్‌ని మాత్రం వెంటనే కదిలించాలి.

క్లిక్ తర్వాత తెర నల్లబడితే తర్వాతి క్లిప్ అప్పుడే లోడ్ అవుతోందన్నమాట, రెండు దారుల క్లిప్పులూ లూప్ నడుస్తుండగానే తెచ్చిపెట్టుకోండి. బ్రౌజర్‌లో సౌండ్ రాకపోతే తప్పు మీది కాదు, చూసేవాళ్లు ఏదో ఒకటి నొక్కే దాకా బ్రౌజర్లు సాధారణంగా సౌండ్ రానివ్వవు. ముందే ‘మొదలుపెట్టు’ బటన్ ఒకటి పెట్టేయండి.

సమస్య: వెలుతురు మినుకుమినుకుమంటోంది

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ మాన్యువల్‌లో పెట్టండి, కిటికీ మూసేయండి. అయినా పోకపోతే లెన్స్‌ని అనుమానించండి: డిజిటల్ కెమెరా లెన్స్ ప్రతి ఫోటోకీ అపర్చర్‌ని (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని) తెరిచి మూస్తుంది, ప్రతిసారీ అంతే మూయదు. చేత్తో తిప్పే అపర్చర్ రింగ్ ఉన్న పాత లెన్స్ వాడితే తీరిపోతుంది. తెల్ల చొక్కా మీద పడ్డ వెలుతురు సెట్ మీదకి కొడుతోందని తెలియక, అదే వేసుకుని వారం రోజులు నేను బల్బులు మార్చాను, మీరు నల్ల చొక్కా వేసుకోండి.

సమస్య: మొదటి షాట్‌నే నాలుగోసారి తీస్తున్నారు

కారణం మీకు తెలుసు, సినిమా దాని మీదే కదా. పైగా పదో షాట్‌కి చెయ్యి తిరిగాక మొదటిది నాసిగా కనబడటం మామూలే. మధ్యలోని షాట్ ఒకటి ముందు తీయండి, మొదటిది చివర్లో తీయండి. ఇప్పటికే తీసిన మూడు టేకుల్నీ చెరిపేయకండి, ఒక్కోదాంట్లోంచి కొన్ని ఫోటోలు చిన్నగా ప్రింట్ తీసి ఉండచుట్టండి, బల్ల మీద పెరిగే కాగితాలు అవే.