దసరా సెలవుల్లో కామినో: ద్రాక్షతోటల మధ్య ఐదు రోజుల నడక

సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్లకి ఒక్కరోజులో 32 కిలోమీటర్లు నడవడం కొత్త కాదు. స్పెయిన్‌లోని కామినో, అంటే సాంతియాగో నగరంలోని చర్చి దాకా నడిచే తీర్థయాత్ర, వేరు. ఈరోజు నడిచిన కాళ్లతోనే రేపు పొద్దున్నా బయల్దేరాలి. అందుకే శ్రీకాకుళంలో మా తోటి టీచర్లు అడిగితే మొత్తం 780 కిలోమీటర్లూ పెట్టుకోవద్దంటాను. ఎస్తేయా నుంచి సాంతో దొమింగో దె లా కల్సాదా దాకా సుమారు 100 కిలోమీటర్లు నడవండి, చాలు. నవర్రా ప్రాంతం దాటి, ద్రాక్షతోటలకి పేరున్న రియోహాలోకి తీసుకెళ్లే దారి అది. ద్రాక్షకోతలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో జరుగుతాయి, మన దసరా సెలవులూ అప్పుడే. సాంతియాగోలో ఇచ్చే సర్టిఫికెట్ మాత్రం దీనికి రాదు, దానికి చివరి 100 కిలోమీటర్లు నడవాలి.

స్పెయిన్ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. గవర్నమెంటు ఉద్యోగులైతే ఎన్‌ఓసీ పని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టండి.

వేసవి నుంచే శ్రీకూర్మం రోడ్డు మీద బ్యాగు తగిలించుకుని నడవండి, స్పెయిన్‌లో వేసుకోబోయే బూట్లతోనే. నడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి కాబట్టి ఒక సైజు పెద్దవి కొనాలి. పొద్దున్నే వేళ్ల మధ్య వాజిలైన్ రాసుకుని మేజోళ్లు తొడగండి. ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి టేపు వేయండి, ఊరొచ్చాక చూద్దామనుకుంటే బొబ్బ లేస్తుంది. బ్యాగు మీ బరువులో పదో వంతు దాటకూడదు. టవల్ బదులు పొందూరు తువ్వాలు పెట్టుకోండి, ఇట్టే ఆరిపోతుంది. పలాస జీడిపప్పు దారికి మంచి తిండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు.

ఎస్తేయా దాటగానే ఇరాచే మఠం పక్కన గోడకి రెండు కుళాయిలుంటాయి. ఒకదాంట్లో వైన్, ఒకదాంట్లో నీళ్లు. 1991 నుంచి యాత్రికులకి ఉచితం. మందు ముట్టనివాళ్లు కూడా అక్కడ కాసేపు నిలబడి చూడాల్సిందే. యాత్రికులు ఈ యాత్రకి గుర్తుగా మెడలో వేలాడే ఆల్చిప్ప తీసి, కుళాయి కింద పట్టి, ఒక్క గుక్క తాగి మళ్లీ తగిలించుకుంటారు. సీసాలు మాత్రం నీళ్లతోనే నింపండి. విల్యమయోర్ దాటాక మొదటి రోజు మజిలీ లోస్ ఆర్కోస్ దాకా 12 కిలోమీటర్లు ఊరు లేదు, నీడ లేదు. ఈ దారి మొత్తంలో నాకు టెన్షన్ పెట్టే ముక్క ఇదొక్కటే. మధ్యాహ్నం లోపు దాటేయండి.

రెండో రోజు వియానా, 18 కిలోమీటర్లు. మూడో రోజు లొగ్రోన్యో పదే. సాయంత్రానికి ఓపిక మిగలాలనే ఇలా చెప్తున్నాను. లౌరెల్ వీధిలో కొట్టు కొట్టుకీ ఒక్కో రకం చిరుతిండి, ఒకచోట రొట్టెముక్క మీద నూనెలో వేయించిన పుట్టగొడుగులు పెట్టిస్తారు. వాటి మీద రొయ్య గుచ్చుతారు, శాకాహారులు ముందే చెప్పాలి. సలాడ్‌లో కూడా చేప ముక్కలు వేసేస్తారు. 'సిన్ కార్నే, సిన్ పెస్కాదో' అంటే మాంసం, చేప వద్దని. ఈ నాలుగు మాటలూ నోటికి రావాలి.

నాలుగో రోజు నాహెరా, 29 కిలోమీటర్లు. సెప్టెంబర్ చివర్లో ఎనిమిదింటికి గానీ తెల్లారదు, టార్చి ఉండాలి. నవర్రెతే దాటాక నేలంతా ఎర్రమట్టి, వాన పడితే బూట్లకి అట్టలు కట్టేస్తుంది. పాత తీగలకి పందిళ్లుండవు, మోకాలెత్తు పొదల్లా నేలని పట్టుకుని ఉంటాయి. ఆకులు పక్కకి తొలగిస్తే నల్లటి గుత్తి, పళ్ల మీద బూడిద పూసినట్టు తెల్లటి పొర. చూడండి గానీ కోయకండి, అది రైతు ఏడాది కష్టం.

చివరి మజిలీ సాంతో దొమింగో, 21 కిలోమీటర్లు. అక్కడి కెతీడ్రల్ లోపల బతికున్న కోడిపుంజునీ పెట్టనీ పెంచుతారు. అన్యాయంగా ఉరి తీసిన కుర్రాడు బతికే ఉన్నాడని చెప్పడానికి పళ్లెంలోని వేపిన కోడి లేచి కూసిందని అక్కడి కథ. లోపల మీ యాత్రికుల పుస్తకంలో ముద్ర వేయించుకుని, బుర్గోస్‌కో లొగ్రోన్యోకో బస్సెక్కేయండి.