చెరువు దాటకుండా అవతలి తాడిచెట్టు దూరం కొలవడం ఎలా?

టిప్పు సుల్తాన్ 1799లో పడిపోయాక ఈస్టిండియా కంపెనీ చేతికి దక్షిణాన చాలా నేల వచ్చింది. దాని ఆకారమేమిటో కంపెనీకే సరిగా తెలియదు. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సైనికాధికారి విలియం లాంబ్టన్ ఒక తిన్నని గీతను కొలవడం మొదలుపెట్టాడు. సుమారు 12 కిలోమీటర్ల ఆ గీతకు 57 రోజులు పట్టింది. అక్కడి నుంచి త్రిభుజం మీద త్రిభుజం కట్టుకుంటూ హిమాలయాల దాకా వెళ్లారు. అదే పద్ధతిని ఒక ఉదయం పూట మీరూ చేసి చూడొచ్చు.

కావలసినవి: పరీక్ష అట్ట, ఎత్తైన స్టూలు, తెల్ల కాగితం, స్కేలు, గుండుసూదులు, టేపు, మూడు కర్రలు, తోడుగా ఒక మనిషి.

1. మూలరేఖ కొలవండి. చెరువు ఇవతల చదునైన చోట 50 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతండి. ఇవి అ, ఆ. టేపును బిగించి ఒకసారి అటు, ఒకసారి ఇటు కొలవండి. రెండూ కలవకపోతే మళ్లీ మొదటికే రండి. ఇక్కడ తప్పితే ఆ తర్వాత ఏదీ సరిగా రాదు. లాంబ్టన్ తన వంద అడుగుల ఉక్కు గొలుసును చెక్క తొట్లలో పరిచి, ఎండ తగలకుండా డేరా వేసి, పక్కనే ఉష్ణమాపకాలు పెట్టింది అందుకే. వేడికి ఉక్కు సాగుతుంది.

2. ‘అ’ దగ్గర చూడండి. స్టూలు మీద అట్ట పెట్టి, కాగితంపై 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఒక సెంటీమీటరంటే 5 మీటర్లు. గీత మొదట్లో సూది గుచ్చండి. ఆ సూది సరిగ్గా ‘అ’ కర్ర ఉన్న చోటికి రావాలి. గీత ‘ఆ’ వైపు చూసేలా అట్ట తిప్పి, ఇక కదపకండి. సూదికి స్కేలు ఆనించి, దాని అంచు వెంట తాడిచెట్టును గురి చూసి గీత గీయండి.

లాంబ్టన్ కోణాలు చూసిన థియోడొలైటు అర టన్ను బరువుండేది. 1808లో తంజావూరు పెద్దగుడి విమానం మీదికి లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. దాన్ని బాగుచేయడానికి ఆయనకు వారాలు పట్టింది. ఆ బరువులు మోసిన, కొండలెక్కి జెండాలు పట్టుకున్న ఖలాసీల పేర్లు చాలావరకు ఎక్కడా మిగల్లేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవిలో లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్టు బృందం విషజ్వరాలతో కూలబడింది.

3. ‘ఆ’ దగ్గర అదే చేయండి. ఈసారి గీత రెండో కొసన సూది గుచ్చి, గీత వెనక్కి ‘అ’ కర్రను చూసేలా అట్ట తిప్పండి. మళ్లీ చెట్టును గురి చూసి గీయండి. రెండు గీతలు కలిసిన చుక్కే తాడిచెట్టు. గీత మొదట్లోని ‘అ’ నుంచి అక్కడికి స్కేలుతో ఎన్ని సెంటీమీటర్లుంటే దాన్ని 5తో హెచ్చించండి.

4. సరిచూసుకోండి. మూలరేఖ మీద 25 మీటర్ల దగ్గర మూడో కర్ర పాతి, అట్టను అక్కడికి తెచ్చి మునుపటిలాగే మూలరేఖ వెంట తిప్పి, కాగితంపై గీత మధ్య నుంచి చెట్టు వైపు మూడో గీత గీయండి. అది కూడా ఆ చుక్కలోంచే పోవాలి. అలా కాక మూడు గీతల మధ్య చిన్న త్రిభుజం ఏర్పడితే ముందు అట్ట కదిలిందేమో చూడండి. కదలకపోతే టేపు తీసుకుని మూలరేఖ దగ్గరికి వెళ్లండి.