ఆరుబయట పెళ్లికి స్థలం చూడటం ఎలా? జంటగా ఒకరోజు కొండ నడక

ఆరుబయట పెళ్లి చేసుకోవాలనుకునే జంటలు చాలామంది ముందు ఫోన్లో ఫొటోలు చూసి ఒక స్థలం మీద మనసు పారేసుకుంటారు. ఆ తర్వాత ముహూర్తం కోసం పంతులుగారి దగ్గరికి వెళ్తారు. ఈ వరస తిరగేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మన ముహూర్తం తెల్లవారుజామున 4 గంటలకు పడొచ్చు, మిట్టమధ్యాహ్నం పడొచ్చు, రాత్రి 11 దాటాక కూడా పడొచ్చు. ఫొటోల్లో కనిపించేది మాత్రం ఎప్పుడూ సాయంత్రం ఐదున్నర వెలుగే. కాబట్టి ముందు ముహూర్తం, కనీసం ఏ నెల, ఏ పూట అన్నది తేల్చుకోండి. ఆ పూట అక్కడ ఎలా ఉంటుందో చూసి రావడమే ఈ నడక పని.

ఉదాహరణకు హైదరాబాద్ వాళ్లకు దగ్గర్లో ఉన్న వికారాబాద్ అనంతగిరి కొండలను తీసుకుందాం. నగరం నుంచి సుమారు 80 కిలోమీటర్లు. పైన అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, అక్కడే మూసీ పుట్టుక. కింద, చుట్టుపక్కల ఊళ్లలో రిసార్టులు, ఫాంహౌస్‌లు, మామిడి తోటలు చాలా ఉన్నాయి. మీది అరకు అయినా, హార్స్‌లీ హిల్స్ అయినా పద్ధతి ఇదే.

బయల్దేరే ముందు: నేల ఎవరిదో తెలుసుకోండి

కంటికి బాగా నచ్చే చోటు సాధారణంగా రిజర్వు ఫారెస్టులోనే ఉంటుంది. అక్కడ నిప్పు రాజేయడం నేరం. హోమం లేకుండా మన పెళ్లి లేదు కాబట్టి ఆ చోటును ఫొటోలకు వదిలేసి, మండపానికి పట్టా భూమి వెతకండి. అంటే కొండమీద నడక, కొండకింద పెళ్లి. గుడి ఆవరణలో చేయాలనుకుంటే నేరుగా ఆలయ కార్యాలయంలోనే అడగాలి, మధ్యవర్తుల మాట నమ్మకండి.

ఇంకొకటి, చాలామంది ఆఖరి నిమిషంలో తెలుసుకునేది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు మోగించకూడదు. తర్వాత చేసిన సవరణతో వాద్యాలు కూడా ఇందులోకి వచ్చాయి. రాత్రి 11:40కి ముహూర్తమైతే గట్టిమేళం సంగతేమిటి? నాలుగు వైపులా గోడలున్న హాలు ఒకటి ఆ స్థలంలో ఉందా అని ఫోన్లోనే అడగండి. లేదంటే అక్కడికి వెళ్లడం దండగ.

ఏ నెలలో వెళ్లాలి?

కుదిరితే పెళ్లి జరగబోయే నెలలోనే, ఏడాది ముందు. అంత వ్యవధి ఎవరికీ ఉండదు, నిజమే. అప్పుడు ఊహించుకోడానికైనా కొంత తెలియాలి. అనంతగిరిది ఆకురాల్చే అడవి. శ్రావణంలో పచ్చటి గొడుగు పట్టినట్టుండే చెట్లు ఫాల్గుణానికి మోడులవుతాయి, కింద ఎండుటాకులు, అక్కడక్కడా మోదుగుపూలు. అదీ అందమే, కానీ మీరు జూలైలో చూసి అడ్వాన్స్ ఇచ్చిన అందం కాదు. వైశాఖ, జ్యేష్ఠాల్లో పగలు ఎండ, సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి, ఉరుములు. కార్తీకం, మార్గశిరం తెలంగాణలో ఆరుబయటికి అన్నివిధాలా హాయి. కోస్తాలోనో నెల్లూరు వైపో అయితే కార్తీకంలో తుపాన్ల భయం ఉంటుంది.

సంచిలో ఏముండాలి?

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టోపీ, కాళ్లను పూర్తిగా కప్పే ప్యాంటు, పట్టున్న బూట్లు. ఫోన్లో ఆ ప్రాంతం మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, దిక్సూచి యాప్ కూడా. వీటికి తోడు పెళ్లి పనికి మూడు వస్తువులు కావాలి: 30 మీటర్ల టేపు, ఒక నోటుపుస్తకం, జానెడు పొడవున్న పసుపు దారం ముక్కలు నాలుగైదు. దారాలెందుకో తర్వాత చెప్తాను.

నిశ్చితార్థం అయినా ఇద్దర్నే పంపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే తమ్ముణ్ణో మరదలినో వెంట తీసుకెళ్లండి. టేపు రెండో కొస పట్టుకోడానికి, మీరు పోట్లాడుకుంటే సర్దిచెప్పడానికి ఎలాగూ ఒక మనిషి కావాలి. అరటిపళ్లు, చిప్స్ చేతిలో కనపడేలా పట్టుకుని నడవకండి. అనంతగిరి కోతులు మొహమాటపడవు.

నడక ముందా, స్థలం ముందా?

ముహూర్తం పగలైతే ముందు స్థలానికి వెళ్లండి, ఆ గంట అక్కడే గడపండి, ఎండ తగ్గాక కొండెక్కండి. ముహూర్తం రాత్రయితే పొద్దున్నే కొండ నడక ముగించుకుని, సాయంత్రం నుంచి చీకటి పడేదాకా స్థలంలో కూర్చోండి. అడవి దారిలో మాత్రం పొద్దుగుంకే లోపే కిందికి వచ్చేయాలి. వాహనాలు తిరిగే దారి, జనం నడిచే కాలిబాట వదిలి లోపలికి పోవద్దు.

అసలు కొండెక్కడం ఎందుకంటారా? పైనుంచి చూస్తే రిసార్టు వాళ్లు చూపించనివి కనపడతాయి. స్థలం పల్లంలో ఉందా, వానొస్తే చుట్టుపక్కల నీళ్లన్నీ అటే దిగుతాయా, పక్కనే కోళ్లఫారం ఉందా, క్వారీ ఉందా, హైటెన్షన్ తీగలు పైనుంచి పోతున్నాయా అన్నీ చూడొచ్చు. కోళ్లఫారం కనపడితే అది మీ స్థలానికి ఏ దిక్కున ఉందో రాసుకోండి. గాలి అటునుంచి వీస్తే సన్నజాజుల అలంకరణ ఎంత చేయించినా లాభం లేదు.

స్థలంలో: తూర్పు, గాలి, చెట్టు

మండపం వేసే చోట నిలబడి దిక్సూచి తీయండి. వధూవరులను తూర్పుముఖంగా కూర్చోబెట్టడం చాలా ఇళ్లలో ఆచారం. పొద్దున 8, 9 గంటల ముహూర్తమైతే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. పీటల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ కళ్లు చికిలించుకుని ఉంటారు, ఆల్బమంతా అలాగే వస్తుంది. తూర్పున చెట్ల వరస ఉన్న చోటు వెతకండి, లేదా పందిరికి ఆ వైపు తెర వేయించాలని రాసుకోండి. సూర్యుడు మాఘంలో తూర్పుకు కాస్త దక్షిణంగా, జ్యేష్ఠంలో కాస్త ఉత్తరంగా ఉదయిస్తాడు. ఇవాళ చూసిన నీడ పెళ్లినాడు అక్కడే ఉండదు.

ఇప్పుడు దారం ముక్కలు. వాటిని మండపం నాలుగు మూలల్లో, వంట చేసే చోట కొమ్మలకు కట్టి అరగంట వదిలేయండి. గాలి ఎటు వీస్తోందో, ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. హోమం పొగ పెద్దవాళ్ల కుర్చీల వైపు పోకూడదు, గాడిపొయ్యి పొగ మండపం వైపు రాకూడదు, జనరేటర్ పొగ ఎవరి వైపూ రాకూడదు.

తర్వాత తలెత్తి చెట్లు చూడండి. ఇది ఎవరూ చేయరు. పెద్ద కొమ్మల కింద తేనెతుట్టె కనపడితే ఆ చెట్టు దగ్గర మండపం వద్దు. కొండ తేనెటీగలు పొగకు రేగి మీదపడితే రెండొందల మంది పరుగెత్తాల్సి వస్తుంది. ఖాళీ తుట్టె ఉన్నా అనుమానించండి, అవి మళ్లీ అక్కడికే వస్తుంటాయి. ఎండిన పెద్ద కొమ్మలుంటే ముందే కొట్టిస్తారా అని అడగండి.

ఆరుబయట రాత్రి పెళ్లికి ఒక లాభం ఉంది, దాన్ని వదులుకోవద్దు. హాల్లో అరుంధతీ దర్శనమంటే పంతులుగారు పైకప్పు చూపిస్తే తలూపడమే. ఇక్కడ నిజంగానే చూడొచ్చు. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కనే మినుకుమనే చిన్న చుక్క అరుంధతి. వైశాఖంలో రాత్రి 8, 9 గంటలకే ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటుంది. మాఘంలో రాత్రి పొద్దుపోయాక ఈశాన్యంలో, కార్తీకంలో తెల్లవారుజామున కనిపిస్తుంది. కాబట్టి మండపానికి ఉత్తరం వైపు ఆకాశం ఖాళీగా ఉండాలి, ఫ్లడ్‌లైట్లు అటు ఉండకూడదు. లైట్ల వాళ్లకు ఆ ఐదు నిమిషాలు ఆర్పమని ముందే చెప్పండి.

అమ్మమ్మ నడక

కార్లు ఆగే చోటు నుంచి మండపానికి, అక్కడి నుంచి భోజనాలకు, బాత్రూముకు నడిచి చూడండి. మీ నడక కాదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ నడక. ఎన్ని మెట్లు, ఎక్కడ రాళ్లు, ఎక్కడ చేయి పట్టుకోవాలి అన్నీ రాసుకోండి. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడిచే దారి అయితే కార్పెట్ వేయించాలి. బాత్రూము దూరమైతే ఆ స్థలం ఎంత అందంగా ఉన్నా నేనైతే వదిలేస్తాను.

నేల వాలు తెలుసుకోడానికి నిండు నీళ్ల సీసాను పడుకోబెట్టండి. దొర్లిపోతే కుర్చీలూ బల్లలూ నిలవవు. కుర్చీకి, నడిచే దారికి కలిపి పది చదరపు అడుగులు వేసుకుంటే 150 మందికి 1,500 చదరపు అడుగులు. మండపం, భోజనాలు దీనికి అదనం. బంతికి ఎంతమంది కూర్చుంటారో అదీ కొలవండి.

నీళ్ల సంగతికొస్తే, వంటకు, తాగడానికి, చేతులు కడగడానికి కలిపి మనిషికి 15 లీటర్లు వేసుకున్నా 200 మందికి 3,000 లీటర్లు. బాత్రూములకు వేరే. బోరు ఎండాకాలంలో ఎలా ఉంటుందో యజమానిని కాకుండా తోటమాలిని అడగండి. టూరిస్టు బస్సు గేటులో తిరుగుతుందా, ఫోన్ సిగ్నల్ మీ ఇద్దరి నెట్‌వర్కులకూ వస్తోందా, వికారాబాద్ ఆసుపత్రికి కారులో ఎంతసేపో కూడా చూసుకోండి.

ఇద్దరూ విడివిడిగా రాయండి

తిరుగు ప్రయాణంలో వెంటనే చర్చ మొదలుపెట్టకండి. హైదరాబాద్ దారిలో వచ్చే చేవెళ్ల మర్రిచెట్లు దాటేలోపు ఎవరికి వారు ఆ స్థలంలో నచ్చనివి మూడు రాయాలి, ఆ తర్వాతే కాగితాలు మార్చుకోవాలి. నచ్చినవి రాయనక్కర్లేదు, అవి ఎలాగూ గుర్తుంటాయి. ఇద్దరి కాగితాల్లోనూ ఒకే లోపం ఉంటే, దానికి విరుగుడు దొరికేదాకా ఆ స్థలం ఖాయం చేయకండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

రెండోసారి వెళ్లేటప్పుడు వంట మేస్త్రీని, పంతులుగారిని తీసుకెళ్లండి. మేస్త్రీ గాడిపొయ్యికి చోటు, నీళ్ల కుళాయి చూస్తాడు, పంతులుగారు హోమానికి చోటు చూస్తారు. వాళ్లు అడ్డం చెప్పిన చోట డబ్బు కట్టకండి. యజమానితో కాగితం మీద రాయించుకోవాల్సినవి: ఏ గంట నుంచి ఏ గంట వరకు స్థలం మీది, వానొస్తే ఏ హాలు ఇస్తారు, దాంట్లో ఎంతమంది పడతారు, బయటి వంటవాళ్లను రానిస్తారా, కరెంటు పోతే జనరేటర్ ఖర్చు ఎవరిది, ముహూర్తం మారితే అడ్వాన్స్ ఏమవుతుంది. వాన హాలు చూపించమంటే "అప్పటికి కట్టేస్తామండీ" అన్నారంటే ఆ అడ్వాన్స్ జేబులోనే ఉంచుకోండి.